శుభలేఖ అచ్చులో తేడా వస్తే ఫైలులో ఎక్కడ వెతకాలి

ఫోర్ కలర్ ఆఫ్‌సెట్‌లో, అంటే నాలుగు సిరాలను ఒక్కో ప్లేటుతో ఒకదాని మీద ఒకటి అచ్చువేసే పద్ధతిలో, అచ్చయిన శుభలేఖలో లోపం కనబడగానే మిషన్‌ను గాని, కాగితాన్ని గాని అనుమానిస్తాం. నా అనుభవంలో ఆ లోపాలలో ఎక్కువ భాగం ప్లేటు తీయకముందే ఫైలులో ఉంటాయి. అందుకే పీడీఎఫ్‌ను ప్రెస్సుకు పంపే ముందు అక్రోబాట్‌లో అవుట్‌పుట్ ప్రివ్యూ తెరిచి, సయాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్ ప్లేట్లను ఒక్కొక్కటిగా ఆపి చూడడం తప్పనిసరి అలవాటు కావాలి. కింద చెప్పిన లోపాలలో చాలావరకు అక్కడే దొరుకుతాయి.

చిన్న అక్షరాలు అలుక్కుపోయాయి, అంచుల్లో రంగు నీడ కనబడుతోంది

ఒకసారి నేను చేసిన శుభలేఖలో ‘తిథి’ అన్న మాట ‘తిధి’గా అచ్చయింది. పెళ్లివారు ప్రూఫు దిద్దినవారిని తప్పుపట్టారు గాని, ఫైలులో అక్షరం సరిగ్గానే ఉంది. ముదురు కుంకుమ రంగు నేల మీద తెల్లని అక్షరాలు వదిలాను. ఆ నేలను నాలుగు సిరాలతోనూ కలిపాను. భూతద్దం పెట్టి చూస్తే థకారం లోపలి తెల్లని చుక్కను ఒక పక్కనుంచి మెజెంటా, మరో పక్కనుంచి సయాన్ కమ్మేశాయి. నాలుగు ప్లేట్లలో ఏ ఒక్కటి మిల్లీమీటరులో పదో వంతు పక్కకు జరిగినా 8 పాయింట్ల అక్షరంలోని చుక్క బతకదు. వత్తులకు, సున్నలకు, గుడులకు కూడా ఇదే ప్రమాదం ఉంది.

చిన్న అక్షరాలున్న చోట నేలను రెండు సిరాలకు పరిమితం చేయడమే దీనికి మందు. మెజెంటా 100 శాతం, ఎల్లో 100 శాతం ఇస్తే మంచి ఎరుపు వస్తుంది. ఎల్లో కొంచెం జరిగినా కంటికి పెద్దగా ఆనదు. అక్షరాన్ని కనీసం 10 పాయింట్లకు పెంచి, కాస్త లావు ఫాంటు వాడాలి.

తెల్ల కాగితం మీద నల్లని అక్షరాల చుట్టూ నీడ వస్తే కారణం వేరు. ఆర్‌జీబీ (తెర వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం కొలతల) నలుపును ఫొటోషాప్ అమెరికన్ స్వాప్ ప్రొఫైలులోకి (అచ్చు సిరాల కొలతలోకి) మార్చినపుడు అది సుమారు సయాన్ 75, మెజెంటా 68, ఎల్లో 67, బ్లాక్ 90గా విడిపోతుంది. అంటే ఒక్క సన్నని గీతను నాలుగు ప్లేట్లు కలిసి గీయవలసి వస్తుంది. అక్షరాలకు బ్లాక్ 100 మాత్రమే ఇచ్చి ఓవర్‌ప్రింట్ (కింది రంగులో ఖాళీ వదలకుండా దాని మీదే అచ్చువేయడం) పెట్టాలి.

తెర మీద వెలిగిన రంగు కాగితం మీద వాడిపోయింది

తెర వెలుతురుతో రంగు చూపిస్తుంది, కాగితం తన మీద పడిన వెలుతురునే తిప్పి పంపుతుంది. తెర మీది మెరిసే చిలకపచ్చ నాలుగు సిరాలకు అందేది కాదు. డిజైను మొదలుపెట్టేటప్పుడే సీఎంవైకేలో (ఈ నాలుగు సిరాల కొలతల్లో) పనిచేస్తే ఖాతాదారుకు లేని ఆశ చూపినవాళ్లం కాము. నీలం ఊదాగా మారితే మెజెంటా ఎక్కువైందని అర్థం. సయాన్ 100 ఉన్నప్పుడు మెజెంటా 70 దాటకుండా చూడాలి. బంగారు మెరుపు నాలుగు సిరాలలో దేనితోనూ రాదు కనుక దానిని ప్రత్యేక రంగుగా లేదా ఫాయిల్‌గా వేరే ప్లేటుకు కేటాయించాలి.

వత్తులు విడిపోయాయి, లేదా తెలుగు స్థానంలో పిచ్చి గుర్తులు వచ్చాయి

అనూ వంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద కూర్చుని ఉంటాయి కనుక, ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఫైలు తెరిస్తే ఇంగ్లీషు గుర్తులే మిగులుతాయి. యూనికోడ్ అక్షరాలు ఇన్‌డిజైన్‌లో విడిపోతుంటే పేరాగ్రాఫ్ మెనూలో అడోబీ వరల్డ్-రెడీ కంపోజర్‌ను ఎంచుకోవాలి. ప్రూఫు ఖాయమయ్యాక అక్షరాలను కర్వ్స్‌గా (ఫాంటు అవసరం లేని గీతల ఆకారాలుగా) మార్చి పంపాలి. మార్చక ముందున్న ఫైలును మాత్రం విడిగా దాచుకోవాలి, ముహూర్తం నిమిషాలు చివరి క్షణంలో మారడం ఈ పనిలో మామూలే.

ఫొటో మసకగా, గళ్లు గళ్లుగా ఉంది

అచ్చయ్యే కొలతలో అంగుళానికి 300 పిక్సెళ్లుండాలి. 1600 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటో 5.3 అంగుళాలకు మించి సాగదు. వాట్సాప్‌లో ఫొటోగా వచ్చినది కుదించబడి ఉంటుంది కనుక, అసలు ఫైలును డాక్యుమెంటుగా పంపమని అడగాలి. ఫొటోషాప్‌లో అంగుళానికి 72 పిక్సెళ్లను 300గా దిద్ది పిక్సెళ్లు పెంచినంత మాత్రాన లేని వివరం పుట్టదు.

కత్తిరించిన అంచున తెల్లని గీత

నేల రంగు కార్డు అంచు దగ్గరే ఆగిపోయింది. నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరించే గీత దాటి సాగే అదనపు నేల రంగు) ఇచ్చి, పేర్లను అంచుకు కనీసం 5 మిల్లీమీటర్ల లోపల ఉంచాలి.

సిరా ఆరక పక్క కార్డు వెనుకకు అంటుకుంది

ఒకే చోట నాలుగు సిరాల మొత్తం ఆర్ట్ పేపరు మీద సుమారు 300 శాతం లోపు ఉండాలి, గరుకు కాగితానికి ఇంకా తగ్గాలి. పెద్ద నల్లని నేలకు నాలుగింటినీ 100 చేయనక్కరలేదు. సయాన్ 60, మెజెంటా 40, ఎల్లో 40, బ్లాక్ 100 ఇస్తే మొత్తం 240 దగ్గరే చిక్కని నలుపు వస్తుంది.

తెర మీదున్న తెల్లని పేరు అచ్చులో మాయమైంది

నల్లని అక్షరానికి ఓవర్‌ప్రింట్ పెట్టి, తరువాత దాని రంగును తెలుపుకు మార్చినపుడు ఆ ఓవర్‌ప్రింట్ అలాగే ఉండిపోతుంది. తెలుపుకు సిరా లేదు. ఓవర్‌ప్రింట్ ఉంటే కింది నేలలో ఖాళీ కూడా మిగలదు. అక్రోబాట్‌లో ఓవర్‌ప్రింట్ ప్రివ్యూ ఎప్పుడూ తెరిచి ఉంచితే ఆ పేరు తెర మీదే మాయమై కనబడుతుంది. అప్పుడు అసలు ఫైలులో ఆ అక్షరాలకున్న ఓవర్‌ప్రింట్‌ను తీసి, పీడీఎఫ్‌ను మళ్లీ చేయాలి.