వరంగల్‌కు వలస వచ్చి ఫొటోగ్రాఫర్‌గా స్థిరపడాలంటే

బతుకుదెరువు కోసం వరంగల్, హనుమకొండ, కాజీపేటలకు వచ్చి, కెమెరానే జీవనాధారం చేసుకోవాలనుకునేవారు ముందుగా గ్రహించవలసిన సంగతి ఒకటుంది. ఇక్కడ పెండ్లి ఫొటోల పని ఎక్కువగా నోటిమాట మీదనే వస్తుంది. మేనమామ చెప్పాడనో, వియ్యంకుల ఇంట్లో చూసిన ఆల్బమ్ నచ్చిందనో పిలుస్తారు. శ్రీకాకుళం నుంచి వచ్చినవారికైనా, సూరత్, భివండీలలో మరమగ్గాల మీద ఒక తరం గడిపి తిరిగివచ్చిన పద్మశాలి కుటుంబాల పిల్లలకైనా కెమెరా కొరత కంటే ఆ మాట చెప్పే మనిషి కొరతే పెద్దది. అందువల్ల చేతిలో ఉన్న డబ్బంతా కొత్త కెమెరా బాడీకి, లెన్సులకు పోయవద్దు.

పరాయి ప్రాంతం నుంచి వచ్చి ఈ వృత్తిలో నిలదొక్కుకోవడం మనవైపు కొత్తేమీ కాదు. మీరట్ దగ్గరి సర్ధానాలో 1844లో పుట్టిన రాజా దీన్ దయాళ్, ఇండోర్‌లో ప్రభుత్వ ఉద్యోగం చేస్తూనే ఫొటోగ్రఫీ నేర్చుకుని, తర్వాత హైదరాబాద్ సంస్థానానికి వచ్చి ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యారు. జీతం వస్తుండగానే పని నేర్చుకున్న ఆ పద్ధతే నేటికీ క్షేమం. ఆషాఢంలోనూ, మూఢం ఉన్న రోజుల్లోనూ ముహూర్తాలు ఉండవు, ఇంటి అద్దె మాత్రం ఆగదు.

మొదటి ఒకటి రెండు సీజన్లు పేరున్న స్థానిక స్టూడియోలో సెకండ్ కెమెరాగా, అంటే ప్రధాన ఫొటోగ్రాఫర్‌కు తోడుగా, పనిచేయడం ఉత్తమం. అక్కడ నేర్చుకోవలసింది కెమెరా సెట్టింగుల కంటే తంతుల క్రమాన్ని. మైలపోలు ఎప్పుడు తీస్తారు, ఎదుర్కోళ్లలో ఎవరు ముందు నిలబడతారు, ఒడిబియ్యం ఎవరు పోస్తారు అన్నవి తెలియని ఫొటోగ్రాఫర్ ఎంత ఖరీదైన లెన్సు పట్టుకున్నా వెనక వరుసలోనే మిగిలిపోతాడు. ఇవి కులాన్ని బట్టి, ఊరిని బట్టి మారుతాయి గనుక ముందురోజే ఆ ఇంటి పెద్దమ్మనో, మేనత్తనో అడిగి రాసుకోవాలి.

జీలకర్ర బెల్లం సంగతే తీసుకోండి. తెర దించగానే వధూవరులు ఒకరినొకరు చూసుకునే ఘట్టం రెండు మూడు సెకన్లకు మించదు. సరిగ్గా అప్పుడే చుట్టాలందరూ అక్షింతలతో, సెల్‌ఫోన్లతో మండపం మీదికి వస్తారు. తెర దించే ముందు ఒక్క సైగ చేయమని అయ్యగారిని ముందుగానే వినయంగా కోరి, మండపంలో ఒక పక్కన కూర్చునే ఉండాలి. తలంబ్రాలప్పుడు ఫ్లాష్ తోడుగా షట్టర్ వేగాన్ని సెకనులో 200వ వంతు దగ్గర ఉంచితే బియ్యపు గింజలు గాలిలో విడివిడిగా కనిపిస్తాయి. గులాబీ రంగు షామియానాకు ఫ్లాష్ కొట్టి వెలుగు రాబట్టవద్దు; ముఖాలన్నీ అదే రంగుకు తిరుగుతాయి. ఫ్లాష్‌కు తెల్ల గొడుగు వాడి, రంగులను తర్వాత సరిదిద్దుకోవడానికి వీలిచ్చే రా (RAW) ఫైళ్లలో తీయండి.

సొంతంగా పని ఒప్పుకునే రోజు నుంచి ఒప్పందం కాగితం మీద ఉండాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్నవారే ఆ ఫొటోకు మొదటి హక్కుదారులు. కాబట్టి ఫొటోలను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవడానికి అనుమతిని అందులోనే రాయించుకోవాలి. డబ్బు విషయంలో మొహమాటం పనికిరాదు: పెండ్లి నాటికి ముప్పాతిక వంతు చేతికి రాకపోతే, మిగిలిన బాకీ ఆల్బమ్‌తో పాటే నెలల తరబడి అటక మీద ఉంటుంది.

పూచీ ఇచ్చే బంధువులు లేనివారికి చిన్న వ్యాపారాల కోసం కేంద్ర పథకం కింద ఇచ్చే ముద్ర రుణం అక్కరకొస్తుంది; శిశు విభాగంలో 50,000 రూపాయల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. అందుకు పనికివచ్చే ఉద్యమ్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) ఉచితం గనుక దళారులకు డబ్బు కట్టవద్దు. ఆధార్‌లో చిరునామాను ముందే ఇక్కడికి మార్చుకోండి. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటేవరకు సాధారణంగా జీఎస్టీ నమోదు అవసరం ఉండదు.

ప్రీ వెడ్డింగ్ షూట్లకు అందరూ అడిగేది ఖిల్లా వరంగల్ తోరణాలు, వేయి స్తంభాల గుడి, రామప్ప. ఇవి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నందున ట్రైపాడ్, లైట్లు పెట్టాలంటే ముందస్తు అనుమతి కావాలి. 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను వృత్తిపరంగా ఎగరవేయడానికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. అది లేనప్పుడు డ్రోన్ పనిని సర్టిఫికెట్ ఉన్నవారికి అప్పగించి, ఆ ఖర్చును ముందుగానే ప్యాకేజీలో కలిపి చెప్పండి.