పడమటి గదికి పరదా కాదు, గ్రీన్ నెట్
విశాఖలో పై అంతస్తు అద్దె ఫ్లాట్‌లో పడమటి గది సాయంత్రానికి పొయ్యిలా మారుతుంటే, పరదా మందం పెంచి పెద్ద లాభం లేదు. ఎండ అద్దం దాటిందంటే వేడి లోపలికి వచ్చేసినట్టే. అడ్డు బయటే పడాలి. 75 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్‌ను కిటికీ కంటే అన్ని వైపులా 6 అంగుళాలు ఎక్కువ కత్తిరించి, గ్రిల్‌కు బయటివైపు నైలాన్ తాడుతో కట్టండి. ఇనుప తీగ వద్దు, ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. గోడకు మేకు కొట్టక్కర్లేదు కాబట్టి ఓనరుతో పేచీ ఉండదు. నెట్‌కీ అద్దానికీ మధ్య 3, 4 అంగుళాల సందు ఉండాలి, గాలి ఆడాలి.

వట్టివేళ్ల తడికలు ఇక్కడ దండగ. గాలిలోనే తేమ ఎక్కువ, నీళ్లు త్వరగా ఆరవు, ఉక్కపోతే మిగులుతుంది.

చీకటి పడ్డాక కూడా శ్లాబు వేడి వదులుతూనే ఉంటుంది. అప్పుడు తూర్పు కిటికీ తెరిచి, పడమటి కిటికీ దగ్గర టేబుల్ ఫ్యాన్‌ను బయటికి తిప్పి పెట్టండి.