దసరా నుంచి సంక్రాంతి దాకా: అమెరికాలో మన ఇళ్ల బంగారం కోసం వచ్చే ముఠాలు, మన జాగ్రత్తలు

దసరా దగ్గరపడుతోంది. ఇక్కడి నుంచి సంక్రాంతికి ఇండియా వెళ్లి తిరిగొచ్చేదాకా అమెరికాలో మన ఇళ్లకు గడ్డుకాలమే. పండగలకు లాకర్లలోంచి నగలు బయటికొస్తాయి. శనివారం సాయంత్రం బతుకమ్మకో దాండియాకో ఇంటిల్లిపాదీ తాళమేసుకుని వెళ్తాం. నవంబరు మొదటి ఆదివారం గడియారం వెనక్కి తిప్పాక సాయంత్రం ఐదున్నరకే చీకటి. డిసెంబరులో కొన్ని ఇళ్లు నెలరోజులు ఖాళీ. ఇవన్నీ దొంగలకూ తెలుసు.

వీళ్లు తలుపు తీసి ఉంటే దూరే చిల్లర దొంగలు కారు. 2011 నుంచి 2014 దాకా జార్జియా, న్యూయార్క్, న్యూజెర్సీ, మిషిగన్, టెక్సాస్ రాష్ట్రాల్లో ఆసియా, భారత సంతతి కుటుంబాలనే ఏరి దోచుకున్న ముఠా ఒకటుంది. దాని నాయకురాలు ఇళ్ల జాబితా తయారుచేసి ఒక్కో జట్టుకు ఒక్కో ప్రాంతం పంచేది. ఆ జట్టు ముందు ఇంటిని కనిపెట్టుకుని ఉండేది, తర్వాత ముఖాలు కప్పుకుని వచ్చి పిల్లలతో సహా ఇంట్లోవాళ్లను డక్ట్ టేప్‌తో కట్టేసి నగలు, నగదు ఎత్తుకుపోయేది. 2019లో ఫెడరల్ కోర్టు ఆమెకు 37 ఏళ్ల జైలు శిక్ష వేసింది.

ఈమధ్య ఎఫ్‌బీఐ ఎక్కువగా హెచ్చరిస్తున్నది దక్షిణ అమెరికా నుంచి టూరిస్టులుగా వచ్చి, అద్దె కార్లలో రాష్ట్రాలు మారుతూ దోచే ముఠాల గురించి. 2024 చివర్లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు పాట్రిక్ మహోమ్స్, ట్రావిస్ కెల్సీ, జో బరో ఇళ్లలో దొంగలు పడ్డారు. ఇలాంటి దొంగతనాల మీద 2025 ఫిబ్రవరిలో ఏడుగురు చిలీ దేశస్థులపై ఫెడరల్ కేసు పెట్టారు. అంత పెద్దవాళ్ల ఇళ్లలోకే వెళ్లగలిగినవాళ్లకు మన సబ్‌డివిజన్ ఇల్లు ఒక లెక్క కాదు. అయితే ఇది చదివి లాన్ కోసే మనిషిని, స్పానిష్ మాట్లాడే పక్కింటాయనను అనుమానంగా చూడకండి. అలాంటి చూపు మన మీద పడితే ఎంత బాధగా ఉంటుందో మనకు తెలుసు.

గుమ్మానికి మామిడి తోరణం, వాకిట్లో ముగ్గు, బయట చెప్పుల వరస చూసి మన ఇల్లు గుర్తుపడతారు, తీసేయండి అని కొందరు సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. చాలాచోట్ల కౌంటీ వెబ్‌సైట్‌లో ఇంటి యజమాని పేరు ఎవరైనా చూడొచ్చు. రెడ్డి, రావు, చౌదరి అని అక్కడే రాసి ఉంటుంది. తోరణం ఉండనివ్వండి, ఇంట్లో నుంచి తీయాల్సింది బంగారాన్ని. 2025 అక్టోబరులో ఔన్సు బంగారం మొదటిసారి 4,000 డాలర్లు దాటింది. పోయిన హారాన్ని కరిగించేస్తే అది ఎవరిదో చెప్పే గుర్తే మిగలదు, అందుకే దొరకడం చాలా అరుదు.

లాకర్ అంటే వెంటనే దొరుకుతుందనుకోకండి. పెద్ద బ్యాంకుల్లో కొన్ని కొత్తవి ఇవ్వడం ఆపేశాయి. చిన్న బ్యాంకులు, క్రెడిట్ యూనియన్లలో ఇప్పుడే అడిగి పేరు రాయించుకోండి. లాకర్‌లో పెట్టినవాటికి ఎఫ్‌డీఐసీ బీమా (బ్యాంకు డిపాజిట్లకు ఉండే ప్రభుత్వ బీమా) వర్తించదు. మామూలు ఇంటి బీమాలో నగల దొంగతనానికి ఇచ్చేది చాలా పాలసీల్లో 1,500 డాలర్ల దగ్గరే ఆగిపోతుంది. పెళ్లినాటి వడ్డాణానికి అది ఏ మూలకు? ఏజెంటుకు ఫోన్ చేసి నగలకు విడిగా రైడర్ (ఇంటి బీమాకు అదనంగా చేర్చే బీమా) తీసుకోండి, లాకర్‌లో ఉన్నా వర్తిస్తుందో లేదో అడగండి. దానికి అప్రైజల్, అంటే నగ విలువ కట్టిన పత్రం కావాలి. ప్రతి నగనూ తెల్ల గుడ్డ మీద పెట్టి రెండువైపులా ఫొటో తీయండి, తూకం రాయండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొన్న బిల్లు ఉంటే దాన్నీ ఫొటో తీసి మెయిల్లో దాచుకోండి.

అసలు ప్రమాదం లాకర్ నుంచి తీసిన రోజుకూ తిరిగి పెట్టే రోజుకూ మధ్య ఉంటుంది. శుక్రవారం తీస్తాం, సోమవారం పెట్టేద్దామనుకుంటాం. అక్టోబరు రెండో సోమవారం కొలంబస్ డే, చాలా బ్యాంకులకు సెలవు. మంగళవారం ఆఫీసు, బుధవారం పిల్లల కూచిపూడి క్లాసు, ఆపైన దీపావళి ఎలాగూ వస్తోంది కదా అనిపిస్తుంది. అలా దసరాకు తీసిన హారం మూడు వారాలు క్లోజెట్లోనే ఉండిపోతుంది. తీసేటప్పుడే తిరిగి పెట్టే తేదీ ఫోన్లో అలారం పెట్టుకోండి. నన్నడిగితే కమ్యూనిటీ బతుకమ్మకు ఒక గ్రాము బంగారు నగలు చాలు, అసలువి పెళ్లిళ్లకు ఉంచండి. వేసుకున్న ఫొటోలు ఇల్లు చేరకముందే స్టేటస్‌లో పెట్టకండి.

ఈ ముఠాలవాళ్లు సాధారణంగా వెనక పెరటి వైపు నుంచి వస్తారు. ముందు ఒకరు వచ్చి బెల్లు కొడతారు, ఒక్కోసారి డెలివరీవాడిలా, పనివాడిలా జాకెట్ వేసుకుని. లోపలి నుంచి చప్పుడు లేకపోతే మిగతావాళ్లు ఫెన్స్ దూకి పెరటి గ్లాసు తలుపు పగలగొడతారు, లేదా పైఅంతస్తు కిటికీ ఎక్కుతారు. పై కిటికీలకు చాలామంది అలారం సెన్సర్ పెట్టించరు కాబట్టి. నేరుగా మాస్టర్ బెడ్‌రూం క్లోజెట్లోకి, అక్కడి నుంచి పూజగదిలోకి. బియ్యం డబ్బా, పట్టుచీరల మడతలు, సూట్‌కేసు అడుగు, ఇవన్నీ వాళ్లకు తెలిసినవే. చిన్న సేఫ్ కొని క్లోజెట్లో ఊరికే పెడితే సేఫ్‌తో సహా మోసుకుపోతారు. కింది అంతస్తులో కాంక్రీటుకు బోల్టులు వేయించండి.

వైఫై కెమెరాలను నమ్ముకుని ధైర్యంగా ఉండొద్దు. సిగ్నల్ ఆపేసే జామర్లు వీళ్ల దగ్గర ఉంటాయి. అందరూ బయట ఉన్నప్పుడు డోర్‌బెల్ కెమెరా హఠాత్తుగా ఆఫ్‌లైన్ అయితే నెట్ పోయిందిలే అని వదిలేయకుండా పక్కింటివాళ్లను ఒకసారి చూడమనండి. కనీసం పెరటి కెమెరా ఒక్కటైనా కేబుల్‌తో, ఇంట్లోనే రికార్డయ్యేలా పెట్టించండి. అలారానికి సెల్యులార్ బ్యాకప్ (నెట్ పోయినా మొబైల్ నెట్‌వర్క్ మీద పనిచేసే ఏర్పాటు) ఉందో లేదో కంపెనీని అడగండి. ఇంటి ముందు పొదలు, పూలకుండీలు వారానికోసారి చూసుకోండి. దక్షిణ కాలిఫోర్నియాలో ఆకులతో కప్పిన చిన్న కెమెరాలు ఇళ్ల ఎదుట దొరికాయి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు పగలంతా ఒంటరిగా ఉంటారు. వాళ్లకు ఇది ఓపిగ్గా చెప్పాలి. బెల్లు మోగితే తలుపు తీయక్కర్లేదు, కానీ ఇంట్లో మనిషి ఉన్నట్టు లోపలి నుంచే తెలుగులోనైనా గట్టిగా పలకాలి. 911కు చేసి “తెలుగు” అన్నా చాలు, చాలాచోట్ల ఫోన్లోనే దుబాసీని కలుపుతారు. ఇంటి అడ్రసు పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

సాయంత్రం వాకింగ్‌లో ఇంకో మోసం ఉంది. కారు పక్కన ఆగుతుంది, లోపల ఆడవాళ్లు, ఒళ్లో పసిపిల్ల కూడా ఉండొచ్చు. దారి అడుగుతారు, మీరు మా అమ్మలా ఉన్నారంటూ మెళ్లో ఒక గొలుసు వేస్తారు, చేతికి ఉంగరం తొడుగుతారు. అది గిల్టు. ఆ సందడిలో మెళ్లోని అసలు గొలుసు కొక్కెం తీసేసి వెళ్లిపోతారు. కారు దగ్గరకు వెళ్లొద్దని అత్తయ్యకు, అమ్మకు చెప్పండి. వాకింగ్‌కు పుస్తెలు పసుపుతాడుకు కట్టుకుని వెళ్లినా మన ఆచారానికి లోటేమీ లేదు.

నగల దుకాణం, బ్యాంకు నుంచి వెంటపడి ఇంటిదాకా వచ్చే పద్ధతిని టెక్సాస్ పోలీసులు జగ్గింగ్ అంటారు. ధనత్రయోదశికి కొన్నా, లాకర్ నుంచి తెచ్చినా దుకాణం పేరున్న సంచి చేత్తో పట్టుకుని రావద్దు, మధ్యలో కిరాణా కొట్టు దగ్గర ఆగొద్దు. ఒకే కారు వెనకే వస్తోందనిపిస్తే ఇంటికి పోకుండా పోలీస్ స్టేషన్‌కు తిప్పండి.

ఇండియా వెళ్లేముందు పోస్టల్ సర్వీసులో హోల్డ్ మెయిల్ పెట్టండి, ఉత్తరాలు ఇంటి ముందు పేరుకోకుండా పోస్టాఫీసులోనే ఆపుతారు. అది 30 రోజులకే, అంతకు మించితే పక్కింటివాళ్ల సాయం తీసుకోండి. చాలా ఊళ్ల పోలీసులు అడిగితే ఖాళీ ఇంటిని అప్పుడప్పుడు వచ్చి చూసి పోతారు.

మీరు ఇంట్లో ఉండగానే చొరబడితే ఎదురు తిరగొద్దు. బయటికి పోగలిగితే పోండి. లేకపోతే పిల్లలతో ఒక గదిలో గడియ పెట్టుకుని 911కు చెప్పండి. అడిగితే బంగారం ఇచ్చేయండి. తిరిగొచ్చేసరికి తలుపు పగిలి ఉంటే లోపలికి అడుగు పెట్టొద్దు, కారులోనే కూర్చుని ఫోన్ చేయండి. పోలీసులు చూశాక పాస్‌పోర్టులు, ఐ-797 కాగితాలు (ఇమ్మిగ్రేషన్ అనుమతి పత్రాలు) ఉన్నాయో లేదో వెంటనే వెతకండి. అవి పోయి ఉంటే రిపోర్టులో రాయించండి. కాన్సులేట్‌కూ, బీమా కంపెనీకీ ఆ రిపోర్టు నంబరే కావాలి.