పరిశోధన నైతికత – 4వ పాఠం: సమ్మతి పత్రాన్ని కమిటీ కళ్లతో చదవడం

గత పాఠంలో నష్టాన్నీ ప్రయోజనాన్నీ తూచడం చూశాం. ఇప్పుడు సమ్మతి పత్రం, అంటే పరిశోధనలో ఏం చేస్తారో చెప్పి పాల్గొనేవాళ్ల అంగీకారం తీసుకునే కాగితం. పరిశోధనకు అనుమతి ఇవ్వాలా వద్దా అని తేల్చే నైతికత కమిటీ తరఫున దరఖాస్తు నా చేతికి రాగానే నేను మొదట తీసేది ఈ కాగితాలే. పరిశోధకుడు ఎదుటి మనిషిని ఎలా చూస్తున్నాడో ఇక్కడే బయటపడుతుంది.

ఈ వాక్యం చూడండి: "పాల్గొనువారి నుండి 5 మి.లీ. సిరల రక్తము సేకరించబడును." తప్పేమీ లేదు, కానీ చదివినవాళ్లకు ఏం తెలిసింది? ఇలా రాయండి: "మీ చేతి రక్తనాళం నుంచి ఒక టీస్పూన్ రక్తం తీస్తాం. సూది గుచ్చిన చోట నొప్పి ఉంటుంది, కాస్త కమిలిపోవచ్చు." కమిటీలో వైద్యులు, శాస్త్రవేత్తలతో పాటు ఆ రంగంతో సంబంధం లేని సభ్యులూ ఉంటారు. అర్థమైందో లేదో తేల్చేటప్పుడు నేను వాళ్ల మాటే వింటాను.

తర్వాత అడగాల్సింది: ఈ మనిషి "వద్దు" అనగలడా? రోజూ మందులు రాసే డాక్టరే సంతకం అడిగితే రోగికి టెన్షన్. కాదంటే వైద్యం సరిగ్గా చేయరేమోనని భయం. అలాంటప్పుడు వైద్యంతో సంబంధం లేని మరొకరు అడగాలని కమిటీ కోరవచ్చు. మధ్యలో తప్పుకున్నా వైద్యంలో తేడా రాదని పత్రంలో స్పష్టంగా ఉండాలి.

ఇంత పట్టుదల ఎందుకంటే, అమెరికాలోని టస్కిగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న నల్లజాతి పురుషులను వైద్యం చేయకుండా గమనిస్తూ పోయారు. వాళ్లకు జబ్బు పేరు కూడా చెప్పలేదు. దాన్ని నయం చేసే పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వలేదు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇక నిర్ణయం. సాధారణంగా నాలుగు దారులు: ఆమోదం, మార్పులతో ఆమోదం, వివరాలు కోరి వాయిదా, తిరస్కరణ. ఆ పరిశోధనలో సొంత ప్రయోజనం ఉన్న సభ్యుడు చర్చ మొదలవకముందే ఆ విషయం చెప్పి, నిర్ణయానికి దూరంగా ఉండాలి. వాయిదా పడితే కుంగిపోకండి, అడిగిన ప్రతి ప్రశ్నకూ విడివిడిగా జవాబు రాసి పంపండి.

అభ్యాసం: "వ్యక్తిగత సమాచారము గోప్యముగా ఉంచబడును" అన్న వాక్యాన్ని తిరగరాయండి. ఎవరు చూస్తారు, ఎక్కడ భద్రపరుస్తారు, ఎన్నాళ్లకు చెరిపేస్తారు, ఈ మూడూ రావాలి. పిల్లల విషయంలో సమ్మతి ఎవరిదన్నది 5వ పాఠంలో.