చక్కెర తగ్గించాలంటే ముందు అది ఎక్కడ్నుంచి వస్తోందో పట్టుకోవాలి

రేపట్నుంచి స్వీట్లు బంద్ అని ఒట్టేసుకునేవాళ్ళు చాలామందే ఉంటారు, నాలుగు రోజులు తిరక్కుండా ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టేదీ వాళ్ళే. వాళ్ళకి పట్టుదల లేదని కాదు, పట్టుకోవాల్సిన చోట పట్టుకోలేదంతే. ఎప్పుడో నెలకోసారి తినే కేకు ముక్కతో ఒంట్లోకి పోయేది కొంచెమే, అసలు చక్కెరంతా రోజూ తాగే టీ కాఫీల్లో, జ్యూసుల్లో, బిస్కెట్లలో, సాసుల్లో చడీ చప్పుడు లేకుండా పోతుంటుంది. దాని జోలికి పోకుండా కేకుని తిట్టుకుంటూ కూర్చుంటే ఏం లాభం చెప్పండి.

ముందు ఎంతవరకు పర్లేదో చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన గైడ్‌లైన్ ఏంటంటే, రోజు మొత్తంలో మనకొచ్చే కేలరీల్లో ఫ్రీ షుగర్స్ వాటా 10 శాతం లోపే ఉండాలి, 5 శాతం లోపుకి దించగలిగితే ఇంకా మంచిది అని. రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి ఇది 50 గ్రాములు, 25 గ్రాములు అవుతుంది. ఒక టీస్పూన్‌కి సుమారు 4 గ్రాములు పడుతుంది కాబట్టి పన్నెండు స్పూన్లు దాటకూడదు, ఆరుకి దగ్గర్లో ఉంటే బెస్ట్. ఫ్రీ షుగర్స్ అంటే మనం కలుపుకున్నది, కంపెనీ వాడు కలిపింది, వాటితోపాటు తేనెలో, సిరప్పుల్లో, పండ్ల రసాల్లో ఉండేది కూడా. పండుని పండులాగే కొరికి తింటే అందులో ఉన్న తీపి ఈ లెక్కలోకి రాదు, మామూలు పాలలో ఉండేదీ రాదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే చక్కెర మానేస్తున్నానని పండ్లు కూడా మానేసేవాళ్ళున్నారు, అది శుద్ధ దండగ పని.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. మొదటి మూడు రోజులు ఏమీ మార్చొద్దు, మానొద్దు, మామూలుగా తినేవే తినండి, కాకపోతే నోట్లోకి పోయిన ప్రతి తీపి వస్తువు ఫోన్‌లో రాసుకోండి, ఆ మూడింట్లో ఒకటి సెలవు రోజు అయితే మంచిది, ఆ రోజు తిండి వేరేలా ఉంటుంది కదా. టీలో ఎన్ని స్పూన్లు, ఎన్ని కప్పులు, మధ్యలో ఎవరో ఇస్తే తిన్న చాక్లెట్, అన్నీ. రెండు స్పూన్లేసుకుని నాలుగు కప్పులు తాగే మనిషికి అక్కడికే 32 గ్రాములు అయిపోయాయి, ఇంకా బిస్కెట్ల దాకా రానే లేదు. పైగా మనం స్పూన్ అనేది చాలాసార్లు గోపురంలా నింపిన స్పూన్, అందులో 6 గ్రాములు కూడా పట్టొచ్చు. లిస్టు చూసుకుంటే చాలామందికి ఒకటో రెండో వస్తువులే సగానికి పైగా మోస్తూ కనిపిస్తాయి. వాటితోనే మొదలుపెట్టాలి, మిగతావాటిని ఇప్పటికి వదిలేయండి.

ఆ ఒకటీ రెండూ మామూలుగా తాగేవే అయి ఉంటాయి. తాగే చక్కెరతో చిక్కేంటంటే అది కడుపు నింపదు, అన్ని కేలరీలు తాగినా తర్వాత భోజనంలో మనం అంత తగ్గించి తినం. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే తొమ్మిది స్పూన్ల దాకా. అంత చక్కెర గ్లాసుడు నీళ్ళలో కలిపి ఇస్తే ఎవరూ తాగరు, కానీ చల్లగా, గ్యాసుతో, కాస్త పులుపుతో వస్తుంది కాబట్టి గటగటా దిగిపోతుంది. ఇది ఒక్కటి మానేసి నీళ్ళో, నిమ్మకాయ పిండిన సోడానో తాగితే చాలు, కొందరికి సగం పని అయిపోయినట్టే.

టీ, కాఫీల విషయంలో మాత్రం ఒక్కసారిగా మానేయమని నేను చెప్పను. రెండు స్పూన్ల మనిషి రాత్రికి రాత్రి చక్కెర లేని టీ తాగితే అది కషాయంలా ఉంటుంది, మూడో రోజుకి మళ్ళీ డబ్బా మూత తీస్తాడు. దానికి పద్ధతి ఉంది. ముందు కొలత స్పూన్ ఒకటి చక్కెర డబ్బాలోనే పడేయండి, అంచు వరకు చదునుగా గీసి కొలవండి. గోపురం పోయి చదును రావడమే మొదటి తగ్గింపు, నాలుకకి పెద్దగా తెలియను కూడా తెలియదు. ఆ తర్వాత వారానికి పావు స్పూన్ చొప్పున దించండి, ఒక వారం కష్టంగా ఉంటే అక్కడే ఇంకో వారం ఆగండి, కొంపలేం మునిగిపోవు. యాలకులు, దాల్చినచెక్క లాంటివి వేస్తే వాసనకే తియ్యగా ఉన్నట్టు అనిపిస్తుంది. రెండు స్పూన్ల నుంచి అర స్పూన్‌కి రావడానికి ఇలా ఆరు వారాలు పడుతుంది, ఆ తర్వాత ఎవరింట్లోనో పాత లెక్కలో కలిపిన టీ ఇస్తే మీకే వెగటు పుడుతుంది. నాలుక నిజంగానే మారుతుంది, కాకపోతే దానికి కొన్ని వారాలు టైమ్ ఇవ్వాలి.

ఇంకో మాట, ఒక కప్పుని గంటసేపు కొద్దికొద్దిగా తాగే అలవాటుంటే పళ్ళకి మంచిది కాదు. నోట్లో ఉండే బ్యాక్టీరియా చక్కెరని తిని యాసిడ్ తయారుచేస్తుంది, తీపి తగిలిన ప్రతిసారీ అది మళ్ళీ మొదలవుతుంది, కాబట్టి ఎంత తిన్నాం అనేదే కాదు ఎన్నిసార్లు తిన్నాం అనేది కూడా లెక్కే.

జ్యూస్ దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. ఇంట్లో తీసిన ఫ్రెష్ జ్యూసే కదా, చక్కెర వేయలేదు కదా అంటారు. పెద్ద గ్లాసు ఆరెంజ్ జ్యూస్‌కి మూడు నాలుగు పండ్లు పిండాలి, అందులో సుమారు 20 గ్రాముల చక్కెర వచ్చి చేరుతుంది, పీచు అంతా జల్లెడలో ఉండిపోతుంది. అదే మూడు పండ్లు ఒలుచుకుని తినమంటే రెండో పండుకే చాలు అనిపిస్తుంది. నమలడానికి టైమ్ పడుతుంది, పీచు వల్ల చక్కెర రక్తంలోకి నిదానంగా వెళ్తుంది, కడుపు నిండినట్టు ఉంటుంది. ఏ రకంగా చూసినా పండే గెలుస్తుంది. ఎండు ఖర్జూరాలు, కిస్‌మిస్‌ల సంగతి మధ్యస్థం, పీచు ఉంటుంది కానీ నీళ్ళు పోయి తీపి చిక్కబడి ఉంటుంది, గుప్పెళ్ళ కొద్దీ కాకుండా నాలుగైదు వేసుకుంటే పర్లేదు.

తేనె, బెల్లం, బ్రౌన్ షుగర్ గురించి కూడా చెప్పేస్తా, ఎవరు ఏమనుకున్నా సరే. తేనెలో 80 శాతం దాకా చక్కెరే, బెల్లంలో కాస్త ఖనిజాలున్నా మనం వాడే కొలతకి వాటి వల్ల ఒరిగేది పెద్దగా ఏం లేదు, బ్రౌన్ షుగర్ అయితే రంగే తేడా. రుచి నచ్చితే శుభ్రంగా వాడుకోండి, కానీ చక్కెర ఎంత వాడతారో అంతే జాగ్రత్తగా వాడండి. ఆరోగ్యం అనే పేరు చెప్పుకుని రెండు స్పూన్లు ఎక్కువ వేసుకుంటేనే వస్తుంది తంటా. కృత్రిమ స్వీట్నర్ల మీద 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకో గైడ్‌లైన్ ఇచ్చింది, బరువు తగ్గడం కోసం వాటి మీద ఆధారపడొద్దని, అయితే ఆల్రెడీ షుగర్ జబ్బు ఉన్నవాళ్ళకి అది వర్తించదని అందులోనే చెప్పారు. నా అభిప్రాయం అడిగితే, కోలా మానడానికి కొన్నాళ్ళు డైట్ కోలా ఊతంగా వాడుకుంటే తప్పులేదు, కానీ నాలుకకి తీపి అలవాటు అలాగే ఉండిపోతుంది కాబట్టి అక్కడే స్థిరపడిపోవద్దు.

ఇక ప్యాకెట్లు. ముందు వైపు ఏం రాసుందో అసలు చదవొద్దు, అది అమ్మడానికి రాసింది, తిప్పి వెనక చూడండి. పదార్థాల లిస్టులో ఎక్కువ బరువున్నది ముందు, తక్కువది చివర ఉంటుంది. అందులో గ్లూకోజ్, డెక్స్‌ట్రోజ్, ఫ్రక్టోజ్, మాల్టోజ్, ఇన్వర్ట్ సిరప్, కార్న్ సిరప్, ఫ్రూట్ జ్యూస్ కాన్సంట్రేట్ ఇలా ఏ పేరున్నా అది చక్కెర కుటుంబమే. ఒక్కోసారి మూడు నాలుగు పేర్లతో ముక్కలు చేసి వేస్తారు, అప్పుడు ఏ ఒక్కటీ లిస్టులో పైన కనబడదు, కలిపి చూస్తే మాత్రం పిండి తర్వాత ఎక్కువ ఉన్నది అదే అవ్వొచ్చు. తర్వాత 100 గ్రాములకి షుగర్స్ ఎంతో చూడండి. బ్రిటన్ లేబుళ్ళ మీద వాడే కొలత ఒకటి గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది, 100 గ్రాముల్లో 5 గ్రాముల లోపుంటే తక్కువ, 22.5 దాటితే ఎక్కువ. సర్వింగ్ సైజ్ లెక్కని నమ్మొద్దు, రెండు బిస్కెట్లు ఒక సర్వింగ్ అని రాస్తారు, రెండు తిని ఆపేవాళ్ళెవరు.

ఒకటి దగ్గరగా చూద్దాం, పండ్ల రుచి ఉన్న పెరుగు కప్పు తీసుకోండి. వెనక 100 గ్రాములకి 12 గ్రాముల షుగర్స్ అని ఉందనుకుందాం. ఉత్త పెరుగులో పాలదే 4, 5 గ్రాములు ఉంటుంది, అది తీసేస్తే మిగిలిన సుమారు ఏడు గ్రాములు బయట్నుంచి వచ్చినవే. కప్పు 150 గ్రాములైతే 10 గ్రాములు దాటింది, రెండున్నర స్పూన్ల చక్కెర అన్నమాట, పండు బొమ్మే గానీ పండు ఉండేది ఎంతో లిస్టులో చూస్తే తెలుస్తుంది. అదే ఉత్త పెరుగులో అరటిపండు ముక్కలు మీరే కోసుకుని కలుపుకుంటే రెండు నిమిషాల పని, తియ్యగానే ఉంటుంది. బ్రెడ్డుకీ ఇంతే, గోధుమరంగులో ఉన్నంత మాత్రాన పూర్తి గోధుమ కాదు, రంగు క్యారమెల్‌ది కూడా అవ్వొచ్చు, లిస్టులో మొట్టమొదటి పదం పూర్తి ధాన్యం పిండి అయ్యుండాలి. టమాటా కెచప్ పెద్ద స్పూన్‌కి సుమారు ఒక టీస్పూన్ చక్కెర ఉంటుంది, అది తెలిశాక సీసా వంచేటప్పుడు చెయ్యి కాస్త ఆగుతుంది.

తీసేయడం ఒక ఎత్తైతే, తీసేసిన చోట ఏం పెట్టాలన్నది ఇంకో ఎత్తు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, బిస్కెట్లు మానేస్తారు, ఆ టైమ్‌కి తినడానికి ఇంకేమీ ఉండదు, ఆకలికి తట్టుకోలేక మళ్ళీ అవే తింటారు. అందుకే మానడానికి ముందే కొత్తది ఇంట్లో తెచ్చి పెట్టుకోవాలి. సహజమైన తిండి అంటే పెద్ద ఖరీదైన వ్యవహారమేం కాదు, చేనులోనో చెట్టు మీదో ఎలా ఉండేదో కాస్త గుర్తుపట్టేలా ఉన్న ఆహారం. కూరగాయలు, పండ్లు, పప్పుధాన్యాలు, పొట్టు తీయని గింజలు, గుడ్లు, చేపలు, పల్లీలు, బాదం, ఉత్త పెరుగు. ప్రాసెస్ చేసిందల్లా చెడ్డదని కాదు, ఫ్రీజర్‌లో పెట్టిన బఠానీ కూడా మంచి తిండే. ఇంటి వంటగదిలో ఎప్పుడూ కనబడని పదార్థాలు పదిహేను కలిపి చేసిన ప్యాకెట్ తిండి గురించే మన బాధ. అమెరికాలో కెవిన్ హాల్ అనే పరిశోధకుడి బృందం 2019లో ఒక ప్రయోగం చేసింది, 20 మందికి రెండు వారాలు ఆ ప్యాకెట్ రకం తిండి, రెండు వారాలు సహజ రకం తిండి, రెండింట్లోనూ చక్కెర, కొవ్వు, పీచు సమానంగా వడ్డించి ఇష్టమొచ్చినంత తినమన్నారు. ప్యాకెట్ రకం తిన్నప్పుడు రోజుకి దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, బరువూ కేజీకి కాస్త అటూ ఇటూగా పెరిగారు. అంటే చక్కెర ఒక్కటే కాదు, తిండి ఏ రూపంలో వస్తోందన్నదీ మనం ఎంత తింటామో నిర్ణయిస్తుంది.

పొద్దున తిండి మార్చితే మిగతా రోజంతా సులువవుతుంది. తియ్యటి సీరియల్ లేదా జామ్ బ్రెడ్ తిని బయల్దేరితే చాలామందికి పదకొండు గంటలకే ఆకలి మళ్ళీ తలుపు తడుతుంది. గుడ్డో, పెరుగో, పప్పుతో చేసిందో ఉండేలా చూసుకుని దానికి పండో కూరగాయో జతచేస్తే మధ్యాహ్నం దాకా ఆగగలరు. మధ్యాహ్నం ప్లేటులో సగం కూరగాయలు, పావు వంతు పప్పో గుడ్డో చేపో, మిగతా పావు ముడి ధాన్యం, ఇంతకంటే గ్రాముల లెక్కలు అక్కర్లేదు. పీచు మాత్రం పెద్దవాళ్ళకి రోజుకి కనీసం 25 గ్రాములు ఉండాలని చెప్తారు, కానీ ఇప్పటిదాకా పెద్దగా తినని మనిషి ఒక్కరోజులో అంత తింటే కడుపుబ్బరం గ్యారంటీ. వారానికి కొంచెం కొంచెం పెంచండి, నీళ్ళు కూడా పెంచండి.

సాయంత్రం నాలుగు, ఐదు గంటలకి వచ్చే తీపి యావ వేరే కథ. అప్పటికి మధ్యాహ్నం తిని చాలాసేపు అయ్యుంటుంది, పని మీద విసుగొచ్చి ఉంటుంది, చేతికి ఏది దొరికితే అది నోట్లోకి పోతుంది. చేతికి ఏం దొరకాలో పొద్దున్నే డిసైడ్ చేసేయండి. బ్యాగులో గుప్పెడు పల్లీలు, ఒక యాపిల్ ఉంటే చాలు. నిద్ర చాలని మర్నాడు ఈ యావ ఇంకా ఎక్కువుంటుంది, ఆకలి హార్మోన్లు అటూ ఇటూ అవుతాయి కాబట్టి. ఇంట్లో బిస్కెట్ డబ్బా టేబుల్ మీద నుంచి పై అరలోకి పోయి, ఆ ప్లేస్‌లో కడిగిన పండ్ల గిన్నె రావాలి. పండు కడగాలి, కోయాలి అంటే ఎవరూ తినరండీ, కోసి ఎదురుగా పెడితే పిల్లలు కూడా అడక్కుండానే తినేస్తారు. పిల్లలకి అది తినొద్దు ఇది తినొద్దు అని లెక్చర్లు పెట్టేకన్నా ఇంట్లోకి ఏం వస్తుందో మార్చడమే సుఖం.

మొదటి వారం చిరాకు, తలనొప్పి లాంటివి కొందరికి వస్తాయి. చక్కెరతోపాటు కోలా, కాఫీ కూడా ఒకేసారి ఆపేస్తే ఆ తలనొప్పి కెఫీన్ ఆగిపోవడం వల్ల కూడా అయ్యుండొచ్చు, అందుకే రెండూ ఒకేసారి పెట్టుకోకండి. షుగర్‌కి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడుతున్నవాళ్ళు మాత్రం తిండి మార్చేముందు డాక్టర్‌తో మాట్లాడాలి, ఎందుకంటే తిండిలో చక్కెర తగ్గి మందు డోసు అలాగే ఉంటే రక్తంలో షుగర్ మరీ పడిపోయి కళ్ళు తిరగడం, వణుకు, చెమటలు రావొచ్చు. వాళ్ళకి అలా అయినప్పుడు వెంటనే కొంచెం చక్కెరో గ్లూకోజో తీసుకోవాల్సిందే, తగ్గిస్తున్నాను కదా అని ఆగకూడదు, అందుకోసం జేబులో ఒక చిన్న గ్లూకోజ్ ప్యాకెట్ ఎప్పుడూ ఉంచుకోవాలి.