ఆధార్ జిరాక్స్ ఇచ్చే ముందు ఏం చేయాలి?

చేపల చెరువు లీజు రాసుకోవాలన్నా, గల్ఫ్ వెళ్ళడానికి ఏజెంటును కలవాలన్నా గోదావరి డెల్టాలో ముందు అడిగేది ఆధార్ జిరాక్సే. మన వివరాలను కాపాడటానికి పార్లమెంటు 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. కానీ సంస్థల మీద పడే అసలు బాధ్యతలకు 18 నెలల గడువుంది, అంటే 2027 మే దాకా ఆగాలి. పైగా చట్టం డిజిటల్ వివరాలకే వర్తిస్తుంది. ఏజెంటు మీ కార్డును ఫోన్‌లో ఫొటో తీసుకుంటే దాని కిందికి వస్తాడు, సొరుగులో పడేసిన జిరాక్సు మాత్రం రాదు. ఆ కాగితం సంగతి మనమే చూసుకోవాలి.

మొదట మాస్క్‌డ్ ఆధార్ దింపుకోండి. అందులో చివరి 4 అంకెలే కనిపిస్తాయి.

1. ఆధార్ సంస్థ వెబ్‌సైటైన మైఆధార్ పోర్టల్‌లో ఆధార్ నంబరు, ఓటీపీతో లాగిన్ అవ్వండి. ఓటీపీ రాలేదంటే చాలాసార్లు ఆధార్‌కు పాత సిమ్ నంబరు ఉండిపోయి ఉంటుంది. ఆధార్ కేంద్రంలో మార్పించుకోండి.
2. డౌన్‌లోడ్ ఆధార్‌లోకి వెళ్ళి, మాస్క్‌డ్ అన్న చోట టిక్ పెట్టండి. ఇది మరిచిపోతే పూర్తి నంబరున్న కార్డే దిగుతుంది.
3. ఫైలు పాస్‌వర్డ్ అడుగుతుంది. మీ పేరులోని మొదటి 4 ఇంగ్లిష్ అక్షరాలు పెద్ద బడిలో (క్యాపిటల్ లెటర్స్), వెంటనే పుట్టిన సంవత్సరం కొట్టండి.

నెట్ సెంటర్లో ప్రింటు తీయించుకుంటే డౌన్‌లోడ్స్‌లోనూ, రీసైకిల్ బిన్‌లోనూ ఫైలు చెరిపించి కదలండి. సెంటర్ వాళ్ళ వాట్సాప్‌కు పంపారా, అక్కడా చెరిపించాలి. ధాన్యం డబ్బు, పింఛను లాంటి ప్రభుత్వ సొమ్ముకు మాత్రం పూర్తి నంబరు ఇవ్వక తప్పదు.

జిరాక్సు మీద "ఫలానా చెరువు లీజుకు మాత్రమే" అని, తేదీతో, సంతకంతో రాయండి. అంచున రాస్తే కత్తిరించేస్తారు. కార్డు బొమ్మ మీదుగా, అక్షరాల పైనుంచి ఏటవాలుగా రాయాలి.

అసలు ప్రమాదం వేలిముద్రది. దస్తావేజుల మీది ముద్రలతో నకిలీవి తయారుచేసి, ఆధార్ చెల్లింపు పద్ధతిలో ఖాతాలు ఖాళీ చేసిన కేసులు తెలుగు రాష్ట్రాల్లోనూ నమోదయ్యాయి. ఆ పద్ధతిలో ఓటీపీ అడగరు, వేలు ఆనితే చాలు. అందుకే అదే పోర్టల్‌లో బయోమెట్రిక్ లాక్ వేయండి. చిక్కొకటుంది: రేషన్ షాపులో, ధాన్యం అమ్మే చోట వేలిముద్ర పడదు. మిషన్ పాడైందనుకుని పదిసార్లు వేలు తుడుచుకునేవాళ్ళున్నారు! వెళ్ళే ముందు తాత్కాలికంగా అన్‌లాక్ చేసుకుంటే సరి.

నెలకోసారి అదే పోర్టల్‌లో ఆథెంటికేషన్ హిస్టరీ తెరవండి. మీ ఆధార్ ఏ తేదీన, ఏ పద్ధతిలో వాడారో ఉంటుంది. మీరు ఇంట్లో ఉన్న రోజున వేలిముద్ర పడినట్టుంటే వెంటనే ఆధార్ హెల్ప్‌లైన్ 1947కి చెప్పండి.

మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో టెలికాం శాఖ వెబ్‌సైటు సంచార్ సాథీలో చూసుకోండి. మీది కానిదుంటే అక్కడే "నా నంబరు కాదు" అని పెట్టొచ్చు.

డబ్బే పోతే ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆ తర్వాతే బ్యాంకుకు పరుగెత్తండి. ఆలస్యమయ్యేకొద్దీ సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు జారిపోతుంది. ఖాతా నంబరు, డబ్బు పోయిన సమయం, మెసేజ్‌లోని లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి.