ఇంటి దగ్గరే హెడ్ గాస్కెట్ మార్చాను: పాత డీజిల్ ఎస్‌యూవీతో నా అనుభవం

ఇంజిన్ బాగా వేడెక్కుతుందని అమ్మినాయనే చెప్పాడు. అందుకే చవగ్గా వచ్చింది. ఛాసిస్‌కి తుప్పు లేదు, ధైర్యం చేసి కొన్నాను.

కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గుతోంది కానీ బయట ఎక్కడా కారడం లేదు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే తెల్ల పొగ. ఇంజిన్ చల్లగా ఉండగానే రేడియేటర్ పై హోస్ రాయిలా గట్టిపడుతోంది. అంటే ఇంజిన్ బ్లాక్‌కీ దాని మీది హెడ్‌కీ మధ్య సీలులా ఉండే హెడ్ గాస్కెట్ పోయి, సిలిండర్లలోని ఒత్తిడి (కంప్రెషన్) కూలెంట్‌లోకి వెళ్తోందన్నమాట.

విప్పే ముందు టైమింగ్ గుర్తులు (క్రాంక్, క్యామ్ షాఫ్ట్‌లు సరైన స్థానంలో ఉన్నాయని చూపేవి) కలిపి ఫోటోలు తీసుకున్నాను. హెడ్ బోల్టులు చివర్ల నుంచి మధ్యకు కొద్దికొద్దిగా వదులు చేశాను. విప్పిన హెడ్ మీద స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని ఉక్కు స్కేలు) పెడితే మధ్యలో ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూరింది, అంటే హెడ్ వంగిపోయింది. విజయవాడ ఆటోనగర్‌లో ప్రెషర్ టెస్ట్ (పగుళ్లు ఉన్నాయేమో ఒత్తిడితో చూడటం), ఫేసింగ్ (వంగిన ముఖాన్ని మెషిన్‌పై చదును చేయడం) చేయించాను. పగుళ్లు లేవనగానే సగం టెన్షన్ పోయింది.

గాస్కెట్ కొనేటప్పుడు మాత్రం తొందరపడకండి. చాలా డీజిల్ ఇంజిన్లకు అది వేర్వేరు మందాల్లో వస్తుంది. అంచున ఉండే గాట్లో, చిన్న రంధ్రాలో ఆ మందాన్ని చెబుతాయి. పాతది చేత్తో పట్టుకుని వెళ్లడమే మంచిది. ఇంకో సంగతి: బోల్టు రంధ్రాల్లో ఆయిల్ నిలిచి ఉంటే బిగించేటప్పుడు బ్లాకే పగలొచ్చు. గాలి కొట్టి పూర్తిగా ఆరబెట్టాను. కొత్త బోల్టులే వేసి, మధ్య నుంచి బయటికి, మాన్యువల్‌లో ఉన్న టార్క్ (ఎంత బలంతో బిగించాలన్న కొలత) ప్రకారం విడతలుగా బిగించాను.

ఇంజిన్ వేడెక్కడానికి అసలు కారణం పూడుకుపోయిన రేడియేటర్. దాన్ని శుభ్రం చేయించి, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ ప్రవాహాన్ని నియంత్రించే వాల్వ్) మార్చి, కొత్త కూలెంట్ పోశాను. ఇప్పుడు ఏసీ వేసి ఎండలో తిప్పినా టెంపరేచర్ మీటర్ ముల్లు సగం దాటడం లేదు.